కింది నుంచి పైకి చదవాల్సిన పేజీ

బ్రిటన్‌లో పాత కారు కొనే పని నంబరు ప్లేటుతో మొదలవుతుంది. అమ్మకానికి పెట్టిన ఫొటోలో ప్లేటు కనిపిస్తే చాలు. ప్రభుత్వ వెబ్‌సైటులో ఎంఓటీ చరిత్ర పేజీ తెరిచి ఆ నంబరు కొడితే, కారు ఏ తేదీన తనిఖీకి వెళ్లింది, పాసయిందా లేదా, ఆ రోజు మీటరు మీద ఎన్ని మైళ్లున్నాయి, టెస్టరు ఏమేం లోపాలు రాశాడు, అన్నీ వరసగా వచ్చేస్తాయి. ఫీజు లేదు, ఓనరు అనుమతి అక్కర్లేదు. ఇంగ్లండు, వేల్స్, స్కాట్లాండులలో 2005 నుంచి జరిగిన తనిఖీలు అందులో దొరుకుతాయి.

ఎంఓటీ అంటే అప్పటి రవాణా మంత్రిత్వ శాఖ పేరుకు పొడి అక్షరాలు. 1960లో పదేళ్లు దాటిన బళ్లకు మొదలైన తనిఖీ ఇది. 1967 నుంచి మూడేళ్లు నిండిన కారు ఏటా ఒకసారి వెళ్లాల్సిందే. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్ష లేదు. అందుకే హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో చదువుకో ఉద్యోగానికో ఇక్కడికి వచ్చినవాళ్లు కారు చూడబోయినప్పుడు అలవాటు కొద్దీ పెయింటు చూస్తారు, ఏసీ వేసి చూస్తారు, సీటు కవర్లు తడిమి చూస్తారు. ఈ పేజీ తెరిచినా పైన కనిపించే ‘పాస్’ దగ్గరే ఆగిపోతారు. అసలు సమాచారమంతా దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

లెస్టర్‌లో నేను వెళ్లే గ్యారేజీలో టెస్టరు మన తెనాలి మనిషే. చుట్టుపక్కల తెలుగువాళ్లంతా ‘అన్నా’ అనే పిలుస్తారు. కారు కొనే ముందు నంబరు తెచ్చి ఆయనకు చూపించుకోవడం అందరికీ అలవాటయింది. నల్గొండ నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతున్న కుర్రాడొకడు 4,800 పౌండ్లకు అమ్మకానికి ఉన్న వెండిరంగు పెట్రోలు కారు నంబరు పట్టుకొచ్చాడు. అన్న చేతిలో ఇంకో కారు తనిఖీ ఉంది. “కాసేపు ఆగు తమ్ముడూ, ముందు ఇది చూడు. ఆ పేజీలో రాసేది ఇక్కడే పుడుతుంది,” అంటాడు. నిజమే. ఆ రాతలు ఎలా తయారవుతాయో చూసినవాడికే వాటిని చదవడం వస్తుంది.

మొదట అన్న డీవీఎస్‌ఏ వారి కంప్యూటరులోకి లాగిన్ అవుతాడు. డీవీఎస్‌ఏ అంటే డ్రైవర్ల, వాహనాల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ. తనిఖీ చేసేది ప్రైవేటు గ్యారేజీయే అయినా, టెస్టరుకు అనుమతి ఇచ్చేదీ, ఏటా శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసేదీ ఆ సంస్థే. కారు నంబరు కొట్టి తనిఖీ మొదలైనట్టు నమోదు చేస్తాడు. కారుకు గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. చాలా గ్యారేజీలు అంతకన్నా తక్కువే తీసుకుంటాయి. పని ముప్పావుగంట నుంచి గంట పడుతుంది.

కారు చుట్టూ ఒక రౌండు. లైట్లు, ఇండికేటర్లు, హారను, వైపర్లు, అద్దాలు. ప్రతి సీటు బెల్టూ పూర్తిగా బయటికి లాగి అంచులు చిరిగాయా చూస్తాడు, గట్టిగా గుంజి వదులుతాడు. వెనక సీటులో పాప కోసం బిగించిన సీటు ఉంటే దాన్ని తీయడు. దాని వల్ల బెల్టు పూర్తిగా చూడలేకపోయానని రాస్తాడంతే. టెస్టరు దేన్నీ విప్పకూడదన్నది ఈ తనిఖీలో మూలసూత్రం. కనిపించింది చూస్తాడు, కనిపించనిది కనిపించలేదని రాస్తాడు. ఇంజిను కింద ప్లాస్టిక్ తొడుగు ఉంటే దాని వెనక ఏముందో చూడలేదనే అర్థం. చరిత్ర పేజీలో ఈ రకం వాక్యాలు తరచుగా కనిపిస్తాయి. వాటిని లోపం అనుకుని భయపడేవాళ్లున్నారు. అవి టెస్టరు చూపుకు అందని చోట్లు, అంతే.

టైర్ల దగ్గర అన్న కిందికి వంగుతాడు. గాడి లోతు కొలిచే చిన్న గేజీ జేబులోనే ఉంటుంది. టైరు వెడల్పులో మధ్య ముప్పావు భాగం మీద, చుట్టూతా, గాడి కనీసం 1.6 మి.మీ. ఉండాలి. కొత్త టైరుకు దాదాపు 8 మి.మీ. ఉంటుంది. గేజీ పెట్టేముందే అరచేతిని టైరు లోపలి అంచు మీదుగా, మనకు బయటి నుంచి కనిపించని వైపు, నెమ్మదిగా జరుపుతాడు. బయటి అంచు కొత్తదిలా ఉండి లోపలి అంచు గుండయిపోయిన టైర్లు చాలా వస్తాయట. చక్రం నిలువుగా నిలబడకపోతేనో, ముందుకు చూడాల్సిన కోణం తప్పితేనో అలా అరుగుతుంది. అంటే టైరు మీద కనిపించే అరుగుదలకు కారణం టైరులో ఉండదు. లోపల తీగలు బయటపడేదాకా అరిగితే అది ‘డేంజరస్’ లోపం. ఆ కారును బాగుచేయకుండా రోడ్డు మీదికి తీసుకెళ్లకూడదు.

లోపాలకు ఈ పేర్లు 2018 మే 20 నుంచి వచ్చాయి. డేంజరస్, మేజర్ అని రాస్తే ఫెయిలు. మైనర్ అని రాస్తే పాసే, త్వరలో బాగుచేయించుకోమని. వీటికి తోడు ‘అడ్వైజరీ’ ఉంది. ఇప్పటికి లోపం కాదు, రేపో మాపో కావచ్చు, కనిపెట్టుకుని ఉండమని టెస్టరు చెప్పే మాట అది. చట్టప్రకారం దానికి పెద్ద బలం లేదు. కొనేవాడికి మాత్రం పేజీ మొత్తంలో అంతకన్నా విలువైన ముక్క లేదు.

ర్యాంపు పైకి లేస్తుంది. ఇప్పుడు కారు పొట్ట అన్న తల మీద ఉంది. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో పించ్ బార్, అంటే కొన చదునుగా ఉన్న పొడుగాటి ఇనుప కడ్డీ. ముందు చక్రాన్ని కారు ఒంటికి కలిపే లోయర్ ఆర్మ్ దగ్గర ఆగుతాడు. ఆ ఆర్మ్ చివర బుష్ ఉంటుంది. రెండు ఇనుప భాగాల నడుమ ఒరిపిడి, అదురు పీల్చుకోవడానికి పెట్టిన రబ్బరు ముద్ద అది. కడ్డీ కొన ఆర్మ్‌కీ ఫ్రేముకీ మధ్య ఆనించి మణికట్టుతో మెల్లగా నొక్కుతాడు. బలం పెట్టడు. కళ్లు కడ్డీ మీద ఉండవు, రబ్బరు మీదే ఉంటాయి. రబ్బరు అంచున సన్నటి పగుళ్లు తెరుచుకుని మళ్లీ మూసుకుంటాయి. వదిలి ఇంకోసారి నొక్కుతాడు, ఈసారి చెవి దగ్గరగా పెట్టి. చప్పుడు లేదు. “రబ్బరు సాగితే పర్లేదు. ఇనుము కొట్టుకుంటేనే ఫెయిలు,” అంటాడు. ఈ బుష్ అరిగింది, కదలిక మాత్రం హద్దు దాటలేదు. అడ్వైజరీ. అర నిమిషం కూడా పట్టని ఆ చూపే ఏడాది తర్వాత ఎవరికో ఒక వాక్యంగా కనిపిస్తుంది.

తర్వాత తుప్పు. చలికాలంలో ఇక్కడ రోడ్లు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కారు కింది భాగాన్ని తినేస్తాయి. అన్న చిన్న సుత్తి లాంటి పనిముట్టుతో అక్కడక్కడా తేలిగ్గా తడతాడు, గీకుతాడు. మంచి ఇనుము టంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. సస్పెన్షన్, స్టీరింగు, బ్రేకులు, సీటు బెల్టులు బిగించిన చోట్ల నుంచి 30 సెంటీమీటర్ల లోపు ఇనుము బలహీనపడితే కారు ఫెయిలు. డోరు కింద పెయింటు పొంగితే చూడ్డానికి అసహ్యమే గాని తనిఖీకి అంత పట్టింపు లేదు.

బ్రేకుల వంతు. రెండు చక్రాలూ నేలలో ఉన్న రోలర్ల మీద నిలుస్తాయి. రోలర్లు నెమ్మదిగా తిరుగుతుంటే బ్రేకు తొక్కుతారు, ఒక్కో చక్రం ఎంత బలంగా పట్టుకుంటుందో అంకె వస్తుంది. 2010 సెప్టెంబరు 1 తర్వాత రోడ్డెక్కిన కారుకు మొత్తం బ్రేకు బలం బండి బరువులో 58 శాతం ఉండాలి, అంతకన్నా పాతవాటికి 50. ఒకే ఇరుసు మీద ఒక చక్రం పట్టు రెండోదాని పట్టులో 70 శాతానికి తగ్గితే మేజర్. ముందు చక్రాల్లో సగానికి పడిపోతే డేంజరస్, ఎందుకంటే బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకు లాగేస్తుంది.

చివరికి పొగ. ఇంజిన్ ఆయిలు కనీసం 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కాక సైలెన్సరులో పొగ కొలిచే గొట్టం దూర్చి, ఇంజిన్ను నిమిషానికి 2,500 నుంచి 3,000 తిరుగుళ్ల దగ్గర 30 సెకన్లు పట్టి ఉంచుతాడు. ఈ తరం పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం దాటకూడదు, కాలని ఇంధనం ఆవిరి పది లక్షల్లో 200 వంతులు మించకూడదు. చల్లటి ఇంజిన్‌తో తెచ్చిన కారు ఇక్కడే అనవసరంగా ఇబ్బంది పడుతుంది. అందుకే నాలుగైదు మైళ్లు తిప్పి తీసుకురమ్మంటాడు అన్న.

తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, మీటరు రీడింగు కొట్టి, లోపాలు ఒక్కొక్కటే నమోదు చేస్తాడు. ప్రతి లోపానికీ పక్క తప్పనిసరి. నియర్‌సైడ్ అంటే పేవ్‌మెంటు వైపు, ఇక్కడ ఎడమ. ఆఫ్‌సైడ్ అంటే రోడ్డు మధ్య వైపు, డ్రైవరు ఉండే పక్క. ఇంకో నిమిషంలో అది దేశమంతా చదవగలిగే రికార్డు.

ఇప్పుడు నల్గొండ కుర్రాడి వంతు. అన్న అతని ఫోనులో పేజీ తెరిచి సరాసరి అడుగుకు జరుపుతాడు. పేజీలో కొత్తది పైన, పాతది కింద ఉంటుంది. కారు గడిపిన జీవితం తెలియాలంటే కింది నుంచి పైకి రావాలి.

అడుగున మొదటి తనిఖీ, 2019 ఏప్రిల్. ప్లేటులో 16 అంకె ఉంది కాబట్టి కారు 2016 మార్చి, ఆగస్టు మధ్య రిజిస్టరయినది. మూడేళ్లకు మొదటి తనిఖీ, లెక్క సరిపోయింది. 22,140 మైళ్లు, ఏ లోపమూ లేదు. దాని పైది 2020 అక్టోబరు. కుర్రాడు వెంటనే పట్టుకున్నాడు, “అన్నా, ఏడాదిన్నర గ్యాపు. దాచారా?” దాచలేదు. కోవిడ్ లాక్‌డౌన్‌లో 2020 మార్చి 30 నుంచి జులై 31 లోపు గడువు ముగిసే కార్లకు ప్రభుత్వమే ఆరు నెలలు పొడిగించింది. ఏప్రిల్ గడువు అక్టోబరుకు మారింది, అప్పటి నుంచి ఈ కారుకు ఏటా అక్టోబరే. ఆ ఏడు ఇలాంటి ఖాళీ ఉన్న కార్లు ఎన్నో ఉంటాయి. అది తెలియక మంచి కారు వదులుకుంటే నష్టం కొనేవాడిదే.

మీటరు అంకెలు విడిగా ఒక కాగితం మీద రాస్తాడు. 22,140. 33,905. 41,260. 48,015. 53,330. 57,700. పక్కన తేడాలు. ఏడాదికి ఏడు వేల పైచిలుకు నుంచి నాలుగు వేల పైచిలుకు దాకా మెట్లు మెట్లుగా తగ్గింది. మీటరు వెనక్కి తిప్పిన కారులో ఒక ఏడు అంకె హఠాత్తుగా పడిపోతుంది, లేదా ఏడాదికి పన్నెండు వేలు తిరిగే కారు ఒక్కసారిగా ఐదొందల దగ్గర ఆగుతుంది. ఒక్క అంకె మాత్రమే ఆకాశానికి లేచి మరుసటి ఏడు మామూలుగా వస్తే అది చాలాసార్లు టైపింగు తప్పు. దాన్ని 28 రోజుల్లోపు గ్యారేజీతోనే దిద్దించుకోవచ్చు, చాలామంది పట్టించుకోరు. ఇప్పుడు కారు మీద 59,100 ఉన్నాయని అమ్మేవాడు చెప్పాడు. వరసలో సరిగ్గా కూర్చుంది.

ఇక అడ్వైజరీలు. 2020లో నియర్‌సైడ్ ముందు టైరు అంచు అరిగింది. 2021లో అదే టైరు తీగలు బయటపడి ఫెయిలు, అదే రోజు టైరు మార్చి పాస్. కింద ఇంకో వాక్యం, నియర్‌సైడ్ లోయర్ ఆర్మ్ బుష్ అరిగింది. 2022లో రెండు పక్కలా బుష్‌లు. 2023లో శుభ్రం, ఒక్క మాటా లేదు. 2024లో మళ్లీ నియర్‌సైడ్ ముందు టైరు అంచు అరిగింది, బుష్ ప్రస్తావన లేదు, బ్రేకు పైపు మీద కొద్దిగా తుప్పు, కింద తొడుగు అడ్డం ఉంది.

అన్న ఆ నాలుగేళ్ల రాతలనూ ఒకే వాక్యంలా చదువుతాడు. టైరు మార్చారు గాని కారణం వదిలేశారు. బుష్ రెండేళ్లు సాగదీశారు. 2022 అక్టోబరుకూ 2023 అక్టోబరుకూ మధ్య రెండు ఆర్మ్‌లూ మార్చి ఉండాలి. మార్చాక చక్రాల కోణం సరిచేసే అలైన్‌మెంటు చేయించలేదు, అందుకే కొత్త టైరు కూడా అదే అంచున అరిగిపోతోంది. ఇంకో అవకాశం, 2023లో టెస్టరు చూసీచూడనట్టు వదిలేసి ఉండవచ్చు. ఏది నిజమో బిల్లు చెప్తుంది. “బిల్లుల ఫైలు అడుగు. లోయర్ ఆర్మ్ అన్న మాట వెతుకు.”

నాకు ఈ పనిలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇక్కడే. కారు ఇంకా కంటికి కనబడలేదు. వేరే వేరే రోజుల్లో వేరే వేరే చేతులు నొక్కి చూసిన రబ్బరు ముక్క గురించి రాసిన పొడి మాటల నుంచి, ఆ కారు మీద ఎవరు ఎక్కడ డబ్బు పెట్టారో, ఎక్కడ మిగుల్చుకున్నారో ఆయన పట్టేస్తాడు. అంత నమ్మకం దేని మీద అని అడిగితే, తను రాసే ప్రతి వాక్యం వెనకా తను నొక్కిన చెయ్యి ఉంది కాబట్టి అంటాడు.

ఈ పేజీ చెప్పనివి కూడా కుర్రాడికి వరసగా చెప్తాడు. ఇంజిన్ లోపల ఎలా ఉందో, క్లచ్ ప్లేటు ఎంత మిగిలిందో, గేరుబాక్సు సంగతేమిటో, టైమింగు బెల్టు ఎప్పుడు మార్చారో ఎంఓటీ పట్టించుకోదు. వాటికి సర్వీసు బిల్లులే ఆధారం. కారు మీద లోను బాకీ ఉందా, ప్రమాదంలో పడి ఇన్సూరెన్సు కంపెనీ రాసేసిన బండా అన్నది కూడా ఈ పేజీలో రాదు. దానికి ఇరవై పౌండ్ల లోపు ఖర్చుతో ప్రైవేటు చెకింగు చేయించుకోవాలి. 2017 అక్టోబరు నుంచి రాసేసిన బళ్లలో బాగుచేయదగ్గవాటికి రెండు గుర్తులున్నాయి. ఎస్ అంటే చట్రం లాంటి బలమైన భాగానికి దెబ్బ, ఎన్ అంటే అది కాని దెబ్బ. ఎస్ ఉన్న కారును అన్న తన వాళ్లెవరినీ కొననివ్వడు.

శనివారం మధ్యాహ్నం కారు చూడ్డానికి వెళ్తారు, నేనూ వెంట వెళ్తాను. అమ్మేది ఒక రిటైరయిన పెద్దాయన. మొదటి పని వీ5సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకం. అది బండి ఎవరి పేరున నడుస్తోందో చెప్తుందే గాని ఎవరి సొత్తో చెప్పదు, అందుకే లోను చెకింగు వేరుగా చేయించింది. కుర్రాడు పుస్తకంలోని పదిహేడు అక్షరాల చాసిస్ నంబరును అద్దం అడుగున కనిపించే నంబరుతో ఒక్కో అక్షరం వేలు పెట్టి పోలుస్తాడు. పుస్తకం మీది పదకొండు అంకెల నంబరు కొడితే చరిత్ర పేజీలో ఇంకో తలుపు తెరుచుకుంటుంది, ఏ తనిఖీ ఏ గ్యారేజీలో జరిగిందో తెలుస్తుంది. 2022 దాకా బర్మింగ్‌హాములో, 2023 నుంచి లెస్టర్‌లో. పెద్దాయన ఆ ఏడే కూతురి దగ్గరికి మారారట. మైళ్లు తగ్గడానికి కారణం దొరికింది.

తర్వాత టైరు. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పించి, నియర్‌సైడ్ ముందు చక్రం లోపలి అంచు మీద కుర్రాడు చెయ్యి జరుపుతాడు, అన్న చేసినట్టే. వేళ్లకు నున్నగా తగిలింది. బయటి అంచున గాడి బాగానే ఉంది. బిల్లుల ఫైలులో 2023 ఫిబ్రవరి కాగితం, రెండు లోయర్ ఆర్మ్‌లు, బిగింపు కూలి. అలైన్‌మెంటు వరస లేదు.

బేరం పది నిమిషాల్లో ముగుస్తుంది. అలైన్‌మెంటుకు 50, రెండు ముందు టైర్లకు 140, తుప్పు పైపు చూపించుకోవడానికి మరికొంత అని కుర్రాడు కాగితం మీద రాసి చూపిస్తే పెద్దాయన 4,800 నుంచి 4,550కి దిగుతారు. డబ్బు బ్యాంకు నుంచి బ్యాంకుకే. ఆయన ఆన్‌లైనులో పేరు మార్పు తెలిపి, కొత్త కీపరు కోసం ఉన్న ఆకుపచ్చ స్లిప్పు చింపి ఇస్తారు. పాత ఓనరు కట్టిన రోడ్డు ట్యాక్సు కొత్తవాడికి రాదు కాబట్టి, స్లిప్పు మీది పన్నెండు అంకెల నంబరుతో కుర్రాడు అక్కడే ఫోనులో ట్యాక్సు కట్టి, ఇన్సూరెన్సు మొదలైందో లేదో చూసుకుని, అప్పుడే తాళం తిప్పుతాడు.

సోమవారం కారు అన్న గ్యారేజీకి అలైన్‌మెంటుకు వస్తుంది. ఎంఓటీ గడువు అక్టోబరు 19 దాకా ఉంది. సెప్టెంబరు 20 నుంచి ఎప్పుడు చేయించినా గడువు తేదీ అక్టోబరు 19గానే నిలుస్తుంది. అన్న గోడ క్యాలెండరులో ఆ సెప్టెంబరు తేదీ పక్కన కారు నంబరు రాసుకుంటాడు.